మస్కట్‌లో ఒడిబియ్యం

మస్కట్‌లో మేమున్నది పదకొండు నెలలు. అందులో ఊరు చూసింది ఒక్కటే రోజు. మిగిలిన రోజులన్నీ రూవీ అనే పేటలో రెండో అంతస్తు గదిలో, కిటికీకి అవతల ఏసీ డబ్బాల వరుసను చూస్తూ గడిచాయి. ఇప్పుడు సిద్దిపేటలో ఎవరైనా "దుబాయ్‌ల ఏమేం చూసినవమ్మా?" అని అడిగితే ఆ ఒక్క రోజు గురించే చెప్తాను. మా వాడకట్టులో మస్కట్ అయినా కువైట్ అయినా దుబాయే. సరిదిద్దడం ఎప్పుడో మానేశాను. పెద్ద మసీదు చూశామని, సుల్తాను ప్యాలెస్ చూశామని, సముద్రం ఒడ్డున తిరిగి సాయంత్రం బతుకమ్మ ఆడామని చెప్తాను. "నీ అదృష్టం బిడ్డా" అంటారు. అంతవరకే చెప్తే అదృష్టంలాగే ఉంటుంది. మిగతాది ఎవరికీ చెప్పలేదు. పాప పడుకున్నాక ఇప్పుడు రాస్తున్నాను.

పాపకు పదినెలలప్పుడు మా ఆయన ఒమన్ పోయాడు. ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపర్. సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు, పైపులు ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో రాసుకునే పని. రెండేళ్ళ పైన పాపకు నాన్నంటే ఫోనే. ఫోన్ మోగితే "బాపు" అనేది. ఛార్జింగ్ అయిపోతే "బాపు పండుకున్నడు" అనేది. మాకు వీసా వచ్చి మస్కట్‌లో దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆయన చేతులు చాపితే అది నా కొంగు వెనక దాక్కుంది. గదికి చేరాక నా ఫోన్ తీసుకుని, ఎదురుగా కూర్చున్న మనిషిని వదిలేసి, ఫోన్‌తో "బాపూ, మేమొచ్చినం" అని చెప్పింది. ఆయన నవ్వాడు. తర్వాత స్నానానికని పోయి చాలాసేపు బయటికి రాలేదు.

మూడు నెలలు పట్టింది అది ఆయన ఒళ్ళో కూర్చోవడానికి. ఐదో నెలలో ఆయన చేతి అన్నం తింది. ఎనిమిదో నెల వచ్చేసరికి రాత్రి నా పక్క వదిలి ఆయన పొట్టమీద తల పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. అందుకే నాకు వీసా భయం. మా ఇద్దరి వీసా పొడిగించడం ఆయన కంపెనీ చేతిలో ఉంది. బతుకమ్మ నాటికి గడువు ఇంకా మూడు వారాలే ఉంది. పొడిగించకపోతే మేం తిరిగి పోవాలి, పాప మళ్ళీ ఫోన్‌ను బాపు అనాలి. రోజూ ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే అడిగేదాన్ని.

"కాగితాలు పెట్టిన్రా?"

"అయితది తియ్."

"పెట్టిన్రా, పెట్టలేదా?"

"అయితది అన్న గద. నువ్వు ఊకె ఫికర్ చెయ్యకు."

నేను ఊకె ఫికర్ చేసే మనిషినే. ఒప్పుకుంటాను. పాప దగ్గితే ఛాతీ మీద చెవి పెట్టి వింటాను. లిఫ్ట్ ఆగిపోతుందేమోనని మెట్లు ఎక్కుతాను. పాలు రెండుసార్లు కాస్తాను. బీఎస్సీ, బీఈడీ చదివిన దానివి, గింత భయమేంది అని మా అవ్వ తిట్టేది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. చదువుకుంటే భయం పోతుందని ఎవరు చెప్పారో నాకు తెలియదు. నాకైతే భయపడటానికి ఇంకో నాలుగు కొత్త సంగతులు తెలిశాయి.

ఆ రోజు శుక్రవారం. అక్కడ అదే సెలవు. అసలు సద్దుల బతుకమ్మ వారం మధ్యలో వచ్చిపోయింది. పండుగను కూడా సెలవు చూసి జరుపుకోవడం అక్కడ మామూలే. సాయంత్రం ఒక హాలు ఆవరణలో మనవాళ్ళంతా ఆడతారని నాకు ముందే తెలుసు. కానీ పొద్దున ఆరున్నరకే ఆయన నన్ను లేపాడు.

"లే లే. ఇయ్యాల ఊరు చూపిస్త."

"ఏ ఊరు?"

"గీ ఊరే. ఏడాది సంది ఉంటున్నవ్, ఏం చూసినవ్? రేపు ఎవరన్న అడిగితే ఏం చెప్తవ్?"

"పూలెవరు పేరుస్తరు బావా? సద్దులెవరు కలుపుతరు?"

"అన్నీ అక్క చూసుకుంటది. నువ్వు తయారై కార్ల కూసో, చాలు."

అక్క అంటే హుస్నాబాద్ అక్క. మా కింది అంతస్తులో ఉండేది. పద్దెనిమిదేళ్ళుగా మస్కట్‌లోనే కాపురం. వాళ్ళాయనకు బండ్లు రిపేరు చేసే షెడ్డు ఉంది, మేం అన్న అని పిలిచేవాళ్ళం. అక్కకు నోరెక్కువ, మనసు పెద్దది. నేను ప్రతిదానికీ ప్రశ్నలు వేస్తానని "సిద్దిపేట పంతులమ్మ" అని పేరు పెట్టింది. "పంతులమ్మా, ఇయ్యాల సముద్రం పొంగుతదా, పొంగదా? చూసి చెప్పు, బట్టలు ఆరేసుకుంట" అని మెట్ల మీద అందరి ముందు ఎగతాళి చేసేది. నాకు కోపం వచ్చేది కాదు. ఆ ఊళ్ళో నన్ను ఏదో ఒక పేరుతో పిలిచిన మనిషి ఆమె ఒక్కతే.

అన్న కారులో ఐదుగురం బయలుదేరాం. ముందు సీటు ఎప్పుడూ అక్కదే. ఆ రోజు నన్ను ముందు కూర్చోమంది.

"వద్దక్కా, నాకు ముందు కూసుంటే భయం."

"కూసో చెల్లె. మంచిగ కనపడ్తది."

చెల్లె అంది. పంతులమ్మా అనలేదు. పండుగ పూట మర్యాద అనుకున్నాను.

మొదట పెద్ద మసీదు. తెల్లటి గోడలు, మధ్యలో బంగారు రంగు గుమ్మటం, చుట్టూ కత్తిరించి నిలబెట్టినట్టున్న పచ్చటి చెట్లు. తలమీద కప్పుకోవాలని ముందే తెలిసి చున్నీ తెచ్చుకున్నాను, పాపకు కూడా చిన్న రుమాలు కట్టాను. గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. శుక్రవారం చూడటానికి వచ్చేవాళ్ళను లోపలికి పోనివ్వరట.

అన్న స్టీరింగ్ మీద చేతులు కొట్టి నవ్వాడు. "ఏం తమ్మీ, మూడేండ్ల సంది ఉంటున్నవ్, శుక్రారం మసీదు చూడనియ్యరని తెల్వదా? పొద్దుగాల మమ్ముల లేపి తెస్తివి!"

మా ఆయన ముఖం చిన్నబోయింది. అక్క ముందు నుంచి కాదు, వెనక సీటు నుంచి గద్దించింది. "నువ్వు ఊకోరాదు. బయటికెళ్ళి చూస్తే కండ్లకు ఆనదా ఏంది?"

"పోనీ వచ్చే శనివారం వద్దాం బావా," అన్నాను నేను.

"మళ్ళెప్పుడొస్తం..." అన్నాడు ఆయన. అని వెంటనే, "ఇయ్యాల ఎండ తక్కువున్నది, ఫోటోలు మంచిగొస్తయి. నిలబడు" అన్నాడు.

ఎండ తక్కువేమీ లేదు. అక్టోబరులో కూడా అక్కడ తొమ్మిదింటికే నెత్తి మాడుతుంది. కానీ ఎండ గురించి వాదించాను, దానికి ముందు అన్న మాట గురించి ఆలోచించలేదు. పాపకు వడదెబ్బ తగులుతుందేమోనని నా ధ్యాస అంతా దాని నెత్తి మీదే ఉంది.

ప్యాలెస్ కూడా బయటి నుంచే. అది ఏ రోజైనా అంతేనట. నీలం, బంగారు రంగు స్తంభాలు, పైకి వెడల్పైన పూల కుండీల్లాగా. ముందు నున్నటి రాళ్ళు పరిచిన పెద్ద జాగా, ఒక్క కాగితం ముక్క లేదు. పాప గేటు ఊచలు పట్టుకుని అడిగింది.

"బాపూ, రాజు ఇంట్ల ఉన్నడా?"

"ఉన్నడు. పండుకున్నడు బిడ్డా. ఇయ్యాల సెలవు గద."

"మరి నువ్వెందుకు పండుకోలే?"

అన్న పగలబడి నవ్వాడు. ఆయన పాపను ఎత్తుకుని బుగ్గ కొరికాడు, అది గిలగిలా తన్నుకుంది. ఆ ఫోటో నేనే తీశాను. ఆ రోజు ఆయన ఉన్న ఫోటో అదొక్కటే. మిగతావన్నీ నేను, పాప. మసీదు ముందు నేను, పాప. ప్యాలెస్ ముందు నేను, పాప. మత్రాలో సముద్రం ఒడ్డున పొడవాటి రోడ్డు, తెల్లటి పక్షులు రెయిలింగ్ మీద వరుసగా కూర్చుని, వాటి ముందు నేను, పాప.

"నువ్వు కూడా రా, అక్క తీస్తది," అన్నాను.

"నేను ఈడనే ఉంట గద. ఎప్పుడంటే అప్పుడు దిగుత."

ఈ మాట కూడా విన్నాను. చెవులు బాగానే పనిచేస్తున్నాయి. కానీ పాప రెయిలింగ్ సందులో తల దూరుస్తోంది, కింద నీళ్ళు, నేను దాని గౌను వెనక నుంచి పట్టుకుని ఉన్నాను. నా భయాలన్నీ అట్లాంటివే. నీళ్ళు, రెయిలింగ్, ఐస్‌క్రీమ్‌తో వచ్చే జలుబు. నేను కాపలా కాసిన దిక్కు నుంచి నాకు ఎప్పుడూ ఏ ఆపదా రాలేదు.

బజారులో సగం షట్టర్లు దించి ఉన్నాయి. తెరిచిన ఒక్క దుకాణంలో సాంబ్రాణి, అత్తరు సీసాలు. మా ఆయన సాంబ్రాణి పొట్లాలు ఆరు కట్టించాడు. మా అవ్వకు, వాళ్ళ అమ్మకు, మా వదినకు, ఇంకెవరెవరికో.

"ఎవరితో పంపుతవు?"

"ఎవరో ఒకరు పోతరు తియ్."

అక్క అప్పుడు అత్తరు సీసా మూత తీసి వాసన చూస్తోంది. చూస్తూనే ఉంది. దుకాణం అతను కొనమని నాలుగు రకాలు ముందు పెట్టినా తల ఎత్తలేదు.

మధ్యాహ్నం గదికి వచ్చి కాసేపు నడుం వాల్చి, స్నానాలు చేసి, నేను పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్నాను. పాపకు లంగా జాకెట్టు. సాయంత్రం హాలు దగ్గరికి వెళ్ళేసరికి యాభై మందికి పైగా ఆడవాళ్ళున్నారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, మెదక్, అన్ని దిక్కులవాళ్ళు. తంగేడు అక్కడ దొరకదు. ఎవరో హైదరాబాదు నుంచి వచ్చే మనిషితో తెప్పించిన గునుగు పూలు, రూవీ దుకాణాల్లో దొరికిన బంతి, గులాబీ. అక్క పేర్చిన బతుకమ్మ పాప ఎత్తు ఉంది. మీద పసుపు గౌరమ్మను పెట్టి నా చేతికిచ్చింది. "నువ్వు ఎత్తుకరా" అంది. పెద్ద బతుకమ్మను ఎప్పుడూ అక్కే ఎత్తుకొచ్చేదట. పక్కనున్నవాళ్ళు జరిగి నాకు దారిచ్చారు.

ఆడాం. గుండ్రంగా తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు కొడుతూ. నేను కొండపాకలో మా అవ్వగారింట్లో ఆడినట్టే, పాట మధ్యలో మరిచిపోతే పక్క మనిషి పెదవులు చూసుకుంటూ ఆడాను. పాప కాళ్ళ మధ్య తిరుగుతూ ఒకసారి ఆట లోపలికి, ఒకసారి బయటికి. నిమజ్జనానికి సముద్రం దాకా పోతే మునిసిపాలిటీవాళ్ళు ఊరుకోరని, పిల్లలు ఆడుకునే రబ్బరు టబ్బు ఒకటి గాలి ఊది నీళ్ళు నింపి పెట్టారు. దాని మీద నవ్వే చేపల బొమ్మలున్నాయి. బతుకమ్మలు ఆ చేపల మధ్య తేలాయి. అందరం నవ్వుకున్నాం. నేను చాలా నవ్వాను. ఆ నవ్వు కూడా ఎవరి ఫోన్‌లోనో ఉండే ఉంటుంది.

మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పెరుగు సద్ది పంచుకుని తిన్నాక అక్క నా చెయ్యి పట్టుకుని హాలు లోపలికి తీసుకుపోయింది. గోడ పక్కన చాప పరిచి ఉంది. తాంబాళంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, ఒక జాకెట్ గుడ్డ. నన్ను తూర్పు ముఖంగా కూర్చోబెట్టింది.

"ఏందక్కా ఇది?"

"ఒడిబియ్యం పోస్త చెల్లె. నీకు ఈడ అవ్వగారిల్లు లేదాయె. నేనే అనుకో."

తెలియనివాళ్ళకు చెప్పాలి. మా దిక్కు ఆడపిల్ల పుట్టింటి నుంచి అత్తింటికి పోయేటప్పుడు తల్లి, వదినలు, ముత్తైదువలు ఆమె ఒడిలో బియ్యం పోస్తారు. ఊరికే కూడా పోస్తారు, మూడేళ్ళకో ఐదేళ్ళకో, పిలిచి చీర పెట్టి. కానీ ఎప్పుడు పోసినా ఆ బియ్యం కట్టుకుని ఆడపిల్ల ఇల్లు దాటుతుంది. దాటేవాళ్ళకే పోస్తారు. ఇది నాకు తెలియదా? కొండపాకలో మా అక్కకు, చిన్నమ్మలకు పోస్తుంటే తాంబాళం పట్టుకుని నిలబడ్డదాన్ని నేనే. అయినా ఆ రోజు నాకు తట్టలేదు. శుక్రవారం కదా, శుక్రవారం ఆడపిల్లను ఇంటి నుంచి పంపరు అనే ఆలోచన కూడా లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. పరాయి దేశంలో నాకొక అవ్వగారిల్లు దొరికిందనే అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చింది.

అక్క దోసిలి నిండా ఐదుసార్లు పోసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"నువ్వెందుకు ఏడుస్తవక్కా? మా అవ్వ కూడా ఇంత ప్రేమతోని పొయ్యలె," అన్నాను.

ఆమె తాంబాళం పక్కవాళ్ళకు అందించింది. తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే వంగి పోస్తున్నారు. చివర ఒక కొత్తగా వచ్చిన అమ్మాయి, పెళ్ళయి ఆరునెలలు కూడా కాలేదు, మెట్‌పల్లి వైపుది. బియ్యం పోసి, నాకు బొట్టు పెట్టి, మనసారా అంది.

"మంచిగ పోయిరా అక్కా. మీ ఆయన క్యాంపుకు పోయేదాంక మేమే డబ్బల అన్నం పంపిస్తం. నువ్వు రంది వడకు."

"ఎక్కడికి పోయి రావాలె?" అన్నాను.

ఆ పిల్ల అక్క ముఖం చూసింది. అక్క కళ్ళు మూసుకుంది. బయట మైకులో ఎవరో పిల్లల ఆటల పోటీకి పేర్లు చదువుతున్నారు.

నేను లేవలేకపోయాను. ఒడి నిండా బియ్యం ఉన్నాయి, కొంగు ఇంకా ముడి వేయలేదు. లేస్తే నేలపాలవుతాయి, ఒడిబియ్యం నేలపాలు చేయకూడదు. ఆ పూట నాకు ఏం జరుగుతోందో తెలిసిన క్షణంలో కూడా బియ్యం ఒలకకుండా రెండు చేతులతో కొంగు పట్టుకునే కూర్చున్నాను. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

"ముడి వెయ్యక్కా," అన్నాను.

అక్క కొంగు అంచులు దగ్గరికి తీసింది. "చెల్లె, నేను చెప్పమనే చెప్పిన. నీ మొగడే..."

"ముడి వెయ్యి."

ఆయన బయట ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి పెడుతున్నాడు. నేను నడుము దగ్గర బియ్యం మూటతో ఆయన ముందు నిలబడ్డాను. చూడగానే అర్థమైంది ఆయనకు.

"ఎన్నడు టికెట్?"

"ఆదివారం."

ఎల్లుండి. పెట్టెలు సర్దడానికి ఒక్క శనివారం.

"ఎన్నడు తెలిసింది నీకు?"

చెప్పాడు. నెలన్నర అయిందట. కంపెనీ ఆయనను దూరంగా ఎడారిలో ఉన్న సైటుకు మార్చింది. అక్కడ క్యాంపు గదులే, ఒక్కో గదిలో ఆరుగురు. కుటుంబాలకు ఇక వీసా పొడిగించరు. నెలన్నరగా నేను చెప్పులు విడవకముందే అడుగుతున్నాను. నెలన్నరగా అయితది అంటున్నాడు.

"ఎవరెవరికి తెలుసు?"

ఆయన మరో కుర్చీ అందుకున్నాడు. చెప్పాల్సిన పని కూడా లేదు. కుర్చీలు సర్దుతున్న మగవాళ్ళంతా పని ఆపి వేరే దిక్కు చూస్తున్నారు.

"మా అవ్వకు?"

"...చెప్పిన. పాపను బడిల వెయ్యాలె గద. సీటు మాట్లాడింది."

"బడి కూడా అయిపోయిందా?"

"మెల్లగ మాట్లాడు."

"నన్ను తప్ప అందరినీ అడిగినవ్."

"నీకు చెప్తే ఏమైతుండె చెప్పు? తినవు, పండుకోవు, పిల్లను పట్టుకొని ఏడుస్తవు. నెలన్నర నరకం చూస్తుంటివి. ఒక్కరోజన్న నువ్వు నవ్వుకుంట ఉంటే చూడాలనిపిచ్చింది. గందుకే ఇయ్యాల తిప్పిన. తప్పా?"

ఆయన చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు రాసేదేమీ ఉండేది కాదు. ఆ మాట ఆయన ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ పొద్దున నుంచి నేను నవ్వినదంతా నా ముందు వేరేగా కనిపించడం మొదలైంది. కారులో నలుగురు పెద్దవాళ్ళం ఉన్నాం. ముగ్గురు నాకు ఊరు చూపిస్తున్నారు. ముగ్గురు నన్ను చూస్తున్నారు. నేనొక్కదాన్నే మసీదును, ప్యాలెస్‌ను, సముద్రాన్ని చూస్తున్నాను.

నేను ఏడవలేదు. ఆయనకు అది చూసి కూడా భయమేసినట్టుంది. పాప అప్పటికే ఆయన భుజం మీద నిద్రపోయింది, లంగా అంచుకు మలీద అంటుకుని ఉంది. ఇంకా ఎల్లుండి దాకా అది అట్లా పడుకోవచ్చు అని లెక్క కట్టుకున్నాను.

ఆదివారం వచ్చేశాం. ఆ తర్వాతి సంగతులు మామూలువే. సిద్దిపేటలో పాత బస్టాండు వెనక రెండు గదులు కిరాయికి తీసుకున్నాను. ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తున్నాను. పాపకు ఇప్పుడు ఆరేళ్ళు. మొదటి నెలలు అది ఫోన్ ముట్టుకోలేదు. ఆయన ఫోన్ చేస్తే గది మూలకు పోయి గోడ వైపు తిరిగి కూర్చునేది. తర్వాత తర్వాత మాట్లాడుతోంది. "తిన్నవా బాపూ?" అని అడుగుతుంది, పెద్దవాళ్ళు అడిగినట్టు, జవాబు కోసం ఆగకుండా.

అవ్వ మీద కోపం ఆయన మీద కంటే ఎక్కువ రోజులు ఉంది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నీ పానం నాకెర్కలేదా? నువ్వు తట్టుకోలేవు బిడ్డా" అంది. ఇది మొదటిసారి కాదు. మా బాపు గీత కార్మికుడు. నేను డిగ్రీ చివరి సంవత్సరం హాస్టల్‌లో ఉండి పరీక్షలు రాస్తున్నప్పుడు తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. హైదరాబాదు దవాఖానలో పన్నెండు రోజులు ఉన్నాడు. నేను రోజూ ఫోన్ చేసి బాపు ఏడని అడిగితే "చెట్టు మీదికి పోయిండు" అన్నారు. పరీక్షలయ్యాక చెప్పారు. బాపు బతికాడు, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు. అయితే ఆ పన్నెండు రోజులు నాకు కారణం తెలియని గుండెదడ. హాస్టల్ వార్డెన్ నాకు టెన్షన్ ఎక్కువని మాత్రలు ఇప్పించింది. నాకు భయమెక్కువని ఎవరూ ఏమీ చెప్పరు. ఏమీ చెప్పరు కాబట్టి నేను అన్నిటికీ భయపడతాను. ఈ రెండింటిలో ఏది ముందు మొదలైందో నాకు గుర్తులేదు, వాళ్ళకూ గుర్తుండదు.

మొన్న ఆయన ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం. మళ్ళీ మస్కట్ ఆఫీసుకు మార్చారట, గది ఇస్తారట, కుటుంబానికి వీసా పెడతారట. పాపకు అక్కడ బడి కూడా చూశాడట.

"దసరాకు ముందే వచ్చెయ్యిన్రి. ఈసారి మసీదు లోపలికి కూడా తీస్కపోత, శుక్రారం కాకుంట."

"అంతా ఖాయమేనా?"

"అంతా మంచిగనే ఉన్నది. నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఆ చివరి మాట నాకు బాగా తెలిసిన మాటే. తర్వాత హుస్నాబాద్ అక్కకు ఫోన్ చేశాను. ఆ శుక్రవారం తర్వాత ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

"నిజం చెప్పక్కా. పిల్లను బడి మానిపించి తీసుకొస్త. మళ్ళ ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు చెల్లె. ఒట్టు. ఈసారి అంత మంచిగనే ఉన్నది."

నిజమే చెప్పి ఉంటుంది. చెప్పకపోయి ఉన్నా అదే గొంతుతో చెప్పేది. నాకు తేడా పట్టుకోవడం రాదని ఒకసారి రుజువైంది. నిన్న ఆయనకు రానని చెప్పాను. "పిల్ల కోసమన్న ఆలోచించు" అన్నాడు. పిల్ల కోసమే అన్నాను. అది మళ్ళీ దగ్గరై, మళ్ళీ ఒకరోజు ఊరంతా తిరిగి, మళ్ళీ విమానం ఎక్కడం నేను చూడలేనని అన్నాను. ఫోన్ పెట్టేశాక, చాలా రోజుల తర్వాత ఒక విషయం నేనే ముగించానని ధైర్యంగా అనిపించింది.

ఇవాళ సాయంత్రం పాపకు జడ వేస్తున్నాను. బడిలో ఏదో రంగుల కాగితం చేసి తెచ్చింది, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, మనం బాపు దగ్గరికి పోతున్నమా?"

ఫోన్ మాటలు విన్నదన్నమాట. నేను వంటగదిలోకి పోయి మెల్లగానే మాట్లాడాను.

"ఏం లేదు బిడ్డా. నువ్వు ఫికర్ చెయ్యకు. సక్కగ కూసో, జడ వంకర పోతది."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. రిబ్బను కట్టడం ఆపేశాను. దాన్ని నా వైపు తిప్పుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బాపు రమ్మన్నాడు. నేను రానన్నాను. మళ్ళీ పంపించేస్తారేమోనని నాకు భయం.

అది శ్రద్ధగా విన్నది. ఏడవలేదు. కాసేపు కాగితం అంచు గిల్లుతూ కూర్చుని అడిగింది.

"మరి నన్నెందుకు అడగలే?"

ఆరేళ్ళ పిల్లను ఏం అడుగుతారు అని ఎవరైనా అంటారు. నేనూ అనబోయాను. కానీ అడిగితే ఏడుస్తావని అనుకున్నా అని చెప్పాను, అది నిజమే కాబట్టి.

"ఏడుస్త," అంది. "అయినా అడగాలె."

సగం జడతోనే లేచిపోయి అన్నం పెట్టమంది. రేపు పొద్దున బడికి పోయేముందు బాపుకు ఫోన్ కలిపి దాని చేతికిస్తానని చెప్పాను. ఏం చెప్తుందో నాకు తెలియదు. పోదామంటే పోవాలి, ఆ ధైర్యం నాకు ఎక్కడి నుంచి రావాలో ఇప్పుడు దాని పక్కన కూర్చుని ఆలోచిస్తున్నాను.